చూడదగిన చలనచిత్రములు

పూర్వము మన పల్లెలలో ప్రొద్దు గ్రుంకిన పిదప జనులు ఒకచోట చేరి తోలుబొమ్మలాటను, యక్షగానమును, ఒగ్గుకథను చూచి ఆనందించెడివారు. డోలు చప్పుడు వినబడగనే పొలము పనులు ముగించుకొని వచ్చిన రైతులును, చంటిబిడ్డల నెత్తుకొన్న తల్లులును రచ్చకట్ట చుట్టును చాపలు పరచుకొని కూర్చుండెడివారు. తెల్లవారుజాము వరకు కథ సాగెడిది. అక్షరము రానివారు సైతము రామాయణ భారతములను, మల్లన్న కథను, బీరప్ప కథను ఆ విధముగనే నేర్చుకొనిరి. వినోదము, విద్య ఒకే దీపపు వెలుగున వారికి లభించెను.

నేడు ఆ స్థానమును చాలవరకు చలనచిత్రము ఆక్రమించినది. ఒకప్పుడు సినిమా చూడవలెనన్న పట్టణమునకు బండి కట్టుకొని పోవలసి యుండెను. ఇప్పుడు ఇంటిలోని టెలివిజనులో, చేతిలోని ఫోనులో వేలకొలది చిత్రములు లభించుచున్నవి. కాని లభించునవన్నియు చూడదగినవి కావు. గ్రంథాలయమున అడుగిడిన విద్యార్థి బీరువాలోని మొదటి పుస్తకమును తీసికొని ఇంటికి పోడు. పెద్దల నడుగును, పేజీలు త్రిప్పును, తనకు మేలు చేయుదానిని ఎన్నుకొనును. చలనచిత్రముల విషయమునను అట్టి వివేకమే కావలెను. అందుచే మన తెలుగునాట పుట్టిన పాత క్రొత్త చిత్రములలో కొన్నింటిని, ముఖ్యముగా ఓరుగంటి సీమతో సంబంధము గలవానిని, ఈ పాఠమున పరిచయము చేసికొందము.

మొదట చలనచిత్రము ఎట్లు పుట్టినదో కొంచెము తెలిసికొనవలెను. తెరపై మనుష్యులు కదలుచున్నట్లు మనకు తోచును గాని, నిజమునకు అక్కడ కదలునది ఏమియు లేదు. సెకనుకు 24 నిశ్చల చిత్రములు ఒకదాని వెంట నొకటి వచ్చి పోవుచుండగా మన కన్నును మనస్సును వానిని కలిపి చలనముగా గ్రహించును. 1895వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరమున లూమియేర్ సోదరులు ఇట్టి కదలెడు బొమ్మలను రుసుము తీసికొని ప్రజలకు చూపిరి. మరుసటి యేడే, 1896 జూలై 7న, బొంబాయిలోని వాట్సన్ హోటలులో అవి ప్రదర్శింపబడెను. 1913లో దాదాసాహెబు ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ అను మూకీ చిత్రమును నిర్మించెను.

తెలుగువారిలో ఈ కళకు పాదువేసినవాడు రఘుపతి వెంకయ్య. ఆయన మచిలీపట్టణమువాడు, మద్రాసులో ఛాయాచిత్రకారుడుగా జీవించుచు ఈ క్రొత్త విద్యపై మనసు పెట్టెను. ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ అను మూకీ చిత్రమును తీసెను. పిమ్మట 1932 ఫిబ్రవరి 6న హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున మొదటి తెలుగు మాటల చిత్రము ‘భక్త ప్రహ్లాద’ విడుదల యయ్యెను. విచారకరమైన సంగతి యేమనగా, ఈ రెండు చిత్రముల ప్రతులును నేడు మనకు లభించుట లేదు. ఆనాటి ఫిలిము సులభముగా అంటుకొనునది; వేడికిని తేమకును చెడిపోవునది. దానిని పదిలపరుపవలెనను తలంపు మనవారికి ఆలస్యముగా కలిగెను. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము నెలకొనునాటికే ఎన్నియో తొలి చిత్రములు నశించెను. తాళపత్ర గ్రంథము చెదల పాలైనట్లే ఇదియును ఒక నష్టము. మిగిలిన వానినైనను మనము చూచి, గుర్తుంచుకొని, తరువాతి వారికి చెప్పవలెను.

అట్లు మిగిలిన పాత చిత్రములలో మొదట చెప్పదగినది ‘భక్త పోతన’. ఇది 1943లో విడుదల యయ్యెను. వాహినీ సంస్థ దీనిని నిర్మించినది. కె. వి. రెడ్డికి దర్శకుడుగా ఇదియే తొలి చిత్రము. చిత్తూరు నాగయ్య పోతన వేషమును ధరించెను. పోతన మనకు పరాయివాడు కాడు. ఆయన గ్రామమగు బమ్మెర పూర్వపు వరంగల్లు జిల్లాలోనిది. నేడు జనగామ జిల్లా పాలకుర్తి మండలములో నున్నది. భాగవతమును తెనిగించిన ఆ మహాకవి తన కావ్యమును రాజున కంకితమిచ్చి ధనము పొందుట కంగీకరింపక, నాగలి పట్టి జీవించెనని పెద్దలు చెప్పుదురు. ఈ కథ మీరు తెలుగు వాచకములలో చదివియే యుందురు. చదివిన దానిని చిత్రమున చూచినప్పుడు మరియొక విషయము స్పష్టమగును. కాదనుట సులభమైన పని కాదు. ఇంట వెచ్చమునకు లేనప్పుడు, ఆప్తులే రాజాశ్రయము పొందుమని బోధించుచున్నప్పుడు, కాదనినవాని మనస్సెట్లుండునో నాగయ్య ముఖమున చూడవచ్చును. ఆయన కేకలు వేయడు, చేతులు విసరడు, నెమ్మదిగా పలుకును. ఆ నెమ్మదిలోనే నిశ్చయము కానవచ్చును.

అంతకు ముందే మన చలనచిత్రము పురాణ కథలను దాటి లోకములోని కష్టములను చూడ నారంభించెను. గూడవల్లి రామబ్రహ్మము 1938లో ‘మాలపిల్ల’ను, 1939లో ‘రైతుబిడ్డ’ను నిర్మించెను. చలము వ్రాసిన కథ ననుసరించి తీసిన ‘మాలపిల్ల’ అస్పృశ్యతను ఖండించెను. దళితులకు ఆలయ ప్రవేశము లేని దినములలో ఆ ప్రశ్నను తెరమీద నిలిపి వేలమంది యెదుట అడుగుట సాహసమే. కాంచనమాల అందు నాయికగా నటించెను. ‘రైతుబిడ్డ’ జమీందారీ గ్రామములలోని రైతుల బాధలను చూపెను. అది జమీందారుల ఆగ్రహమునకు గురియై, ప్రభుత్వముచే నిషేధింపబడెను. ఒక చిత్రమును చూచి అధికారము గలవారు భయపడిరనిన, ఆ చిత్రమున సత్యము కొంత ఉండియే యుండవలెను గదా! ఈ రెండు చిత్రములను చూచునప్పుడు బొమ్మ మసకగా ఉన్నదనియు, మాట సరిగా వినబడుట లేదనియు విసుగు చెందరాదు. శిలాశాసనమున అక్షరము లరిగిపోయినను చరిత్రకారుడు ఓపికతో చదువును. మీరును అట్లే చూడవలెను.

1951లో బి. ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ని తీసెను. ఇది శ్రీకృష్ణదేవరాయల కాలమున నడచిన కథ. నాగరాజు అను శిల్పియు, మల్లీశ్వరి అను కన్నెయు బాల్యమునుండి ఒకరి నొకరు ప్రేమించిరి. విధివశమున ఆమె రాణివాసమునకు పోవలసివచ్చెను. భానుమతియు నందమూరి తారక రామారావును ఆ పాత్రలను పోషించిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలను పాటలను వ్రాయగా, సాలూరు రాజేశ్వరరావు సంగీతమును సమకూర్చెను. 1953లో ఈ చిత్రము చీనా భాషలోని ఉపశీర్షికలతో చీనా దేశమున ప్రదర్శింపబడెను. రామప్ప గుడిలోని మదనికలను చూచిన మన ప్రాంతపు విద్యార్థులకు ఈ చిత్రము మరింత సన్నిహితముగా తోచును. ఆ శిల్పములను చెక్కినవారి పేర్లలో చాలవరకు మనకు తెలియవు. వారికిని ఇల్లు, తల్లి, ప్రేమ, వియోగము ఉండియుండునను ఊహను ఈ చిత్రము మనలో కలిగించును.

1957లో విడుదలైన ‘మాయాబజారు’ను చూడని తెలుగు కుటుంబము అరుదు. అయినను మరల చూడుడు. ఈ మారు కొన్ని విషయములను గమనింపుడు. పాండవుల బంధువుల కథయే అయినను ఈ చిత్రమున పాండవులైదుగురు ఎక్కడను కానరారు. వారు లేకయే దర్శకుడు కె. వి. రెడ్డి కథ నెట్లు నడిపెనో చూడుడు. సావిత్రి కొన్ని ఘట్టములలో శశిరేఖ. మరికొన్నింట శశిరేఖ రూపము దాల్చిన ఘటోత్కచుడు. రూపమొక్కటే యైనను నడక, చూపు, చేయి త్రిప్పుట ఎట్లు మారెనో పోల్చుకొనుడు. పింగళి నాగేంద్రరావు కల్పించిన విచిత్ర పదములు ఇప్పటికిని మన ఇండ్లలో వాడుక యందున్నవి. మార్కస్ బార్ట్లే తన కెమెరాతో పండించిన వెన్నెల నేటికిని చల్లగనే యున్నది. కంప్యూటరు లేని దినములలో ఘటోత్కచుడు పెండ్లి విందునంతయు ఒక్కడే ఆరగించు దృశ్యమును ఎట్లు చిత్రించిరో మిత్రులతో కలసి ఆలోచింపుడు. తెలియని దానిని ఊహించి కనుగొనుట మంచి అభ్యాసము.

1980లో వచ్చిన ‘శంకరాభరణము’ కళకు సంబంధించిన చిత్రము. దర్శకుడు కె. విశ్వనాథ్, శంకరశాస్త్రి పాత్రధారి జె. వి. సోమయాజులు. ఆయన అప్పటికి పేరుపొందిన సినిమా నటుడు కాడు; డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగము చేసిన వ్యక్తి. మొదట ఈ చిత్రమునకు జనము పలుచగా వచ్చిరి. చూచినవారు ఇతరులకు చెప్పగా చెప్పగా థియేటరులు నిండెను. తమిళ దేశమున సైతము తెలుగు భాషలోనే జనులు దీనిని చూచిరి. సంగీతము నెరిగిన గురువు కాలము మారి ఆదరణ కోల్పోవుటయు, లోకముచే చిన్నచూపు చూడబడిన ఒక స్త్రీ తన కుమారుని ఆయనకు శిష్యునిగా చేయుటయు ఇందలి కథ. విద్య జాతిని బట్టి గాక శ్రద్ధను బట్టి సంక్రమించునని ఈ చిత్రము బోధించును.

ఇక మన నేల కథను చెప్పు చిత్రములను చూతము. 1946 మొదలు 1951 వరకు తెలంగాణమున రైతులు సాయుధులై పోరాడిరి. ఆ పోరాటమున కడవెండి గ్రామమున 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణములు కోల్పోయెను. పాలకుర్తిలో చాకలి అయిలమ్మ తన పంటను దొరకు దక్కనీయక ఎదిరించి నిలిచెను. ఈ రెండు గ్రామములును నాటి ఓరుగంటి ప్రాంతమునకు చేరువలోనివే. ఆ పోరాటమును చూపిన చిత్రము 1979లో నిర్మింపబడిన ‘మాభూమి’. కృష్ణచందర్ ఉర్దూ భాషలో వ్రాసిన నవల దీనికి మూలము. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్, దర్శకుడు వంగదేశీయుడైన గౌతమ్ ఘోష్. అందు అందమైన భవనములు లేవు. దుమ్ముపట్టిన పల్లెలు, చినిగిన పంచెలు, వెట్టిచాకిరి చేయు మనుష్యులు కలరు. ఉర్దూ రచయిత కథను, వంగ దర్శకుని దృష్టిని, తెలంగాణ పల్లె పాటను కలిపి ఒకే చిత్రమున ఇమిడ్చిన ఈ ప్రయత్నమును చూచినచో, కష్టము నెరుగుటకు భాష అడ్డు రాదని తెలియును. బి. నర్సింగరావే 1988లో ‘దాసి’ని తీసెను. గడీలో బానిసగా బ్రతికిన స్త్రీ కథ యిది. నాయికగా నటించిన అర్చనకు జాతీయ బహుమతి లభించెను. ఇది కఠినమైన చిత్రము. మరికొన్ని యేండ్లు గడచిన పిదప పెద్దలతో కలసి చూడదగినది.

చరిత్రమునుండి పుట్టిన చిత్రములను చూచునప్పుడు ఒక జాగ్రత్త అవసరము. 2015లో గుణశేఖర్ ‘రుద్రమదేవి’ని నిర్మించెను. ఓరుగల్లును పాలించిన కాకతీయ మహారాణి కథ వెండితెరకెక్కుట మనకు గర్వకారణమే. కాని చిత్రమే చరిత్ర యని భ్రమింపరాదు. గణపతిదేవుని కుమార్తె రుద్రమ శాసనములలో రుద్రదేవ మహారాజను పురుష నామముతో వ్యవహరింపబడెననునది చారిత్రక సత్యము. నల్లగొండ ప్రాంతమునందలి చందుపట్ల శాసనము ఆమె మరణమును తెలుపును. దాని కాలము 1289. ఈ ఆధారముల నడుమనున్న ఖాళీలను కవియు దర్శకుడును తమ కల్పనతో నింపుదురు. అది వారి హక్కు. దానిని గుర్తించుట మన బాధ్యత. 2022లో ఎస్. ఎస్. రాజమౌళి తీసిన ‘ఆర్ ఆర్ ఆర్’ను కూడ ఈ దృష్టితోనే చూడవలెను. అల్లూరి సీతారామరాజు 1924లో అమరుడయ్యెను. కొమురం భీము 1940లో అమరుడయ్యెను. వారిరువురు మిత్రులై కలసి తిరిగినట్లు చరిత్రలో ఆధారము లేదు. అది కల్పన. చిత్రము చూచిన మరునాడు వరంగల్లు కోటకు పోయి కీర్తి తోరణముల క్రింద నిలిచి, తెరమీది కోటకును ఈ రాతి కోటకును గల భేదమును మీరే పరికింపుడు.

అయితే ఆ చిత్రమందలి ‘నాటు నాటు’ పాట మన ప్రాంతమునకు గొప్ప కీర్తిని తెచ్చినది. 2023 మార్చి నెలలో ఆ పాటకు ఆస్కారు బహుమతి లభించెను. భారతీయ చిత్రములోని పాటకు ఈ గౌరవము దక్కుట అదియే ప్రథమము. సంగీతము కీరవాణిది, రచన చంద్రబోసుది. చంద్రబోసు పూర్వపు వరంగల్లు జిల్లాలోని చల్లగరిగె గ్రామమున పుట్టి పెరిగినవాడు.

ఇటీవలి చిత్రములలో ‘మల్లేశము’ను ప్రతి విద్యార్థియు చూడవలెను. ఇది 2019లో వచ్చెను. దర్శకుడు రాజ్ రాచకొండ. ప్రియదర్శి నాయకుడుగా నటించెను. ఆలేరు ప్రాంతమునకు చెందిన చింతకింది మల్లేశము అను చేనేత కార్మికుని నిజజీవిత కథ యిది. పోచంపల్లి చీరకు నేతకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా అమర్చిన మేకుల చుట్టును దారమును చుట్టుటకు, ఒక్క చీరకు సుమారు 9,000 మారులు చేయి ఆడింపవలెను. ఆ పనిచే తల్లి భుజము నొచ్చి తల్లడిల్లుచుండగా మల్లేశము చూచెను. ఆరవ తరగతితో చదువు మానినవాడు, యంత్రశాస్త్రమును ఎరుగనివాడు. అప్పులు చేసి, నవ్వులపాలై, ఎన్నియో యేండ్లు శ్రమించి 1999లో ఆసు యంత్రమును పూర్తిచేసి దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించెను.

ఈ చిత్రముతో పాటు చార్లీ చాప్లిన్ 1936లో తీసిన ‘మోడరన్ టైమ్స్’ను కూడ చూడుడు. అందు ఒక కార్మికుడు కర్మాగారమున యంత్రముతో పోటీపడి మరలు బిగించి బిగించి మతి చెదరును. చూచినవారు కడుపుబ్బ నవ్వుదురు. నవ్విన పిదప ఆలోచింతురు. దీనికి ముందు, 1931లో లండను నగరమున గాంధీ మహాత్ముడును చాప్లినును కలసికొని యంత్రములను గూర్చియే మాటలాడిరి. చాప్లిను చూపిన యంత్రము మనిషిని మ్రింగును. మల్లేశము చేసిన యంత్రము తల్లి నొప్పిని తీర్చును. యంత్రము మంచిదా చెడ్డదా అను ప్రశ్నకు ఈ రెండు చిత్రములు కలసి సమాధానము చెప్పును: అది ఎవరికొరకు తిరుగుచున్నదో దానిని బట్టి యుండును. 1934లో స్థాపింపబడి, ఒకప్పుడు వేలమందికి అన్నము పెట్టి, తరువాత మూతపడిన ఆజంజాహి మిల్లును, నేటికిని మగ్గములపై జంపఖానాలు నేయుచున్న కొత్తవాడను ఎరిగిన వరంగల్లు విద్యార్థికి ఇది పుస్తకములోని ప్రశ్న మాత్రము కాదు, ఇంటి ప్రశ్న.

2023లో వచ్చిన ‘బలగము’ మరియొక మేలైన చిత్రము. దర్శకుడు వేణు యెల్దండి. ఒక పల్లెలో కొమురయ్య అను వృద్ధుడు మరణించును. దినకర్మమునాడు పిండమును కాకి ముట్టదు. ఏల? బ్రతికియున్నప్పుడు ఆ వృద్ధుని కోరిక తన బిడ్డలందరు కలసి యుండవలెననునది. కాని విందులో ఒక నల్లిబొక్క కొరకు పుట్టిన మాటపట్టింపుచే అన్నదమ్ముల ఇల్లును ఆడబిడ్డ ఇల్లును ఇరువది యేండ్లుగా పలుకరించుకొనుట లేదు. ఎంత చిన్న కారణము! ఎంత పెద్ద ఎడబాటు! చివరి ఘట్టమున బుడగజంగముల పాట వినుచు ఆ కుటుంబము కన్నీరు విడుచును. ఆ పాట పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వరంగల్లు జిల్లా దుగ్గొండికి చెందిన కళాకారులు. మొగిలయ్య 2024 డిసెంబరులో పరమపదించెను. ఇదే చిత్రమున పల్లెటూరిని వర్ణించు పాటను రచించిన హనుమకొండవాడైన కాసర్ల శ్యామునకు జాతీయ బహుమతి లభించెను. పల్లెలలో ఆరుబయట తెరలు కట్టి ఊరివారందరు కలసి ఈ చిత్రమును చూచిరి. పూర్వపు రచ్చకట్ట మరల వెలసినట్లయ్యెను.

‘మల్లేశము’, ‘బలగము’ మొదలగు చిత్రములను గూర్చి చెప్పవలసిన విషయ మింకొకటి కలదు. చాలకాలము వరకు మన చిత్రములలో తెలంగాణపు పలుకుబడి హాస్యగాని నోటనో, దుర్మార్గుని నోటనో మాత్రమే తరచుగా వినబడెడిది. నాయకుడు ఆ భాష పలుకరాదన్నట్లు దర్శకులు ప్రవర్తించిరి. తన తల్లి పలుకును తెరమీద విని ఇతరులు నవ్వుచుండగా బాలుని మనస్సు చిన్నవోవును. మెల్లగా తన భాషయే తక్కువదని తలచును. ఇది చిన్న గాయము కాదు. ఈ చిత్రములలో ఆ పలుకే తల్లి ప్రేమను, కొడుకు పట్టుదలను, తాత వేదనను వెలిబుచ్చినది. ఏ ప్రాంతపు పలుకైనను దుఃఖమును, గౌరవమును, ప్రేమను చెప్పజాలునని అవి నిరూపించెను. కావున చిత్రము చూచునప్పుడు ‘ఇందు ఎవరిని చూచి నన్ను నవ్వుమనుచున్నారు? ఎందుకు?’ అని ప్రశ్నించుకొనుట అలవరచుకొనుడు.

ఇతర దేశ భాషా చిత్రములను కూడ విడువరాదు. సత్యజిత్ రాయ్ 1955లో తీసిన వంగ చిత్రము ‘పథేర్ పాంచాలి’లో అపు, దుర్గ అను అక్కాతమ్ముల బాల్యము కలదు. రెల్లుపూల నడుమ వారు మొదటిసారి రైలుబండిని చూచు దృశ్యము మరువరానిది. చేతిలో ధనము లేక, భార్య నగలు కుదువపెట్టి ఆ చిత్రమును ఆయన తీసెను. ఇటలీ దేశమున 1948లో విట్టోరియో డి సికా ‘బైసికిల్ థీవ్స్’ను తీసెను. సైకిలు పోయినచో ఉద్యోగమే పోవు పేదవాడు చిన్న కొడుకు చేయి పట్టుకొని నగరమంతయు వెదకును. ఇరాను దేశమున 1997లో మజీద్ మజీదీ తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’లో చెల్లెలి చెప్పులను పోగొట్టిన అన్న, తండ్రికి చెప్పుటకు జంకి, ఉన్న ఒక్క జతను చెల్లెలితో పంచుకొనును. ఉదయము ఆమె, మధ్యాహ్నము తాను బడికి పోవుదురు. పరుగు పందెములో మూడవ బహుమతి చెప్పులని విని పరుగెత్తి, పొరపాటున మొదటివాడై ఏడ్చు ఆ బాలుని చూచి జాలి చెందని వారుండరు. టెహరాను వీధిలోని ఆ పిల్లవాడు హనుమకొండ వీధిలోని పిల్లవానివలెనే యుండును.

చిత్రమును ఎట్లు చూడవలెను? కన్నులతో పాటు చెవులతోను చూడవలెను. వరంగల్లు నగరమునకు వన్నె తెచ్చిన నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018) ధ్వన్యనుకరణ కళలో లోకప్రసిద్ధుడు. 1971లో ఐక్యరాజ్య సమితి వేదికపై ప్రదర్శన మిచ్చెను. నటుల కంఠములే గాక ఆంగ్ల చిత్రములలోని నేపథ్య ధ్వనులను సైతము ఆయన ఒక్క గొంతుతో వినిపించి సభలను ఆశ్చర్యపరచెడివాడు. అది వరప్రసాదము మాత్రమే కాదు. శ్రద్ధగా వినుటవలన కలిగిన ఫలము. మనము కూడ ఒక ఘట్టమును కన్నులు మూసికొని వినుటయు, మరియొక మారు ధ్వని నాపి చూచుటయు చేసినచో చిత్రము ఎట్లు కూర్పబడినదో బోధపడును.

ఒక చిత్రము చూచిన పిదప దానిని గూర్చి ఇంట పెద్దలతోను, బడిలో మిత్రులతోను ముచ్చటింపుడు. చిన్న పుస్తకమున చిత్రము పేరు, తీసిన సంవత్సరము, దర్శకుని పేరు, మనస్సున నాటిన ఒక్క దృశ్యము వ్రాసికొనుడు. చదువునకు, ఆటకు, నిద్రకు భంగము కలుగునట్లు చిత్రములు చూచుట మంచిది కాదు. నెలకు ఒక్క మంచి చిత్రము చాలును, ఏడాదికి పండ్రెండగును.

మంచి చిత్రమునకు గుర్తు ఒక్కటి కలదు. అది ముగిసి దీపములు వెలిగిన తరువాత మనము ఇల్లు చేరునప్పుడు, నిత్యము చూచుచున్న మనుష్యులే క్రొత్తగా కనబడుదురు. మగ్గము ముందు కూర్చున్న తల్లి చేయి, పొలమునుండి వచ్చు తాత నడక, మాటలు మానిన మేనత్త ఇంటి తలుపు మన కంటబడును. అట్టి చూపును ప్రసాదించు చిత్రములే చూడదగినవి.

ప్రశ్నలు

1. తొలి తెలుగు చిత్రముల ప్రతులు నేడు లభింపకపోవుటకు కారణమేమి? దానివలన మనకు కలిగిన నష్టమెట్టిది?

2. చరిత్రకు సంబంధించిన చిత్రములను చూచునప్పుడు వహింపవలసిన జాగ్రత్తను ‘రుద్రమదేవి’ ఉదాహరణముగా వివరింపుడు.

3. చాప్లిను చూపిన యంత్రమునకును మల్లేశము నిర్మించిన యంత్రమునకును గల భేదమును తెలుపుడు.

4. పలుకుబడిని హేళన చేయుటవలన బాలుర మనస్సునకు కలుగు హాని యెట్టిది?

5. మీరు చూచిన ఒక మంచి చిత్రమును గూర్చి పది వాక్యములు వ్రాయుడు.